బావమరిది చేసిన రెండు ముక్కల కీబోర్డు

ధనరాజు చేతికి ఏ వస్తువు ఇచ్చినా వెంటనే వాడడు. తిప్పి చూస్తాడు, బోర్లించి చూస్తాడు, వేళ్లు ఆనించి కొలుస్తాడు. ఆ తర్వాత ఇచ్చినవాడి మొహంలోకి చూసి, "ఇది ఎవుడి సేతికి సేసేరు?" అని అడుగుతాడు. లోకంలో తయారయ్యే సరుకంతా ఎవడో ఊరూ పేరూ లేని మనిషి చేతికి చేసి, మిగతా కోట్లమంది నెత్తిన రుద్దుతున్నారని అతని గట్టి నమ్మకం. ఈ నమ్మకం వల్ల శ్రీకాకుళంలో అతనికి ఒరిగింది ఏమీ లేదు. చెడిన పనులు మాత్రం బోలెడు. అవన్నీ వరసగా చెప్పగలిగిన మనిషి అతని బావ నరసింగరావు. అడగకపోయినా చెబుతాడు.

ఇరవై ఎనిమిదో ఏట ధనరాజు పెళ్లిచూపులకి వెళ్లాడు. అమ్మాయి కప్పుతో కాఫీ తెచ్చి ఇచ్చింది. ధనరాజు కప్పు పిడిలో ఒక వేలు దూర్చాడు. జారింది. రెండు వేళ్లు దూర్చబోయాడు. పట్టలేదు. "ఇది ఎవుడి సేతికి సేసేరు?" అని పిల్ల తండ్రిని నిలదీసి, అరగంటసేపు కప్పుల తయారీలోని అన్యాయాన్ని వివరించి, కాఫీ చల్లారబెట్టి బయటికొచ్చాడు. బస్సెక్కాక అక్క గౌరి, "పిల్ల ఎలాగున్నాదిరా?" అంది. "పిల్లని సూడనేదక్కా. కప్పు మాత్రం ఘోరం" అన్నాడు. ఆ తర్వాతి సంబంధం వాళ్లకి గౌరి ముందే కబురు పెట్టింది, కాఫీ స్టీలు గ్లాసులో ఇమ్మని. పెళ్లి కుదిరింది.

ఇంకోసారి సెలూన్‌లో సగం తల అయ్యాక కత్తెర అడిగి తీసుకున్నాడు. "ఈ రింగు ఎవుడి సేతికి సేసేరు? నీ బొటనేలు సూడు, ఎలాగ ఒరుసుకుపోయిందో" అంటూ కత్తెర పట్టుకుని ఇంటికి పోయాడు. ఆకురాయితో అరగదీసి, రబ్బరు చుట్టి, తిరిగి తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటిదాకా సగం తలతో ఊరంతా తిరిగాడు. సెలూన్ అతను గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతివాడికీ కత్తెర లేదని చెప్పుకున్నాడు.

అక్క ఇంట్లో కత్తిపీటని కూడా వదల్లేదు. వంగి తరిగితే నడుం పోతుందని దాని కింద నాలుగు వేళ్ల ఎత్తు చెక్క బిగించాడు. గౌరికి అది ప్రాణం. నరసింగరావుకి మాత్రం వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా కాలి చిటికెన వేలు దానికే తగులుతుంది. తగిలినప్పుడల్లా "పిచ్చిమాలోకం" అంటాడు. కత్తిపీటని కాదు.

నరసింగరావు దస్తావేజు లేఖరి. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఒక సందులో 'శ్రీ కూర్మనాథ జాబ్ టైపింగ్' ఆయనదే. కళింగపట్నం వైపు సముద్రం ఒడ్డున పుట్టాడు. తండ్రి గంపతో ఎండుచేపలు అమ్మాడు. ఆ ఇంట్లో చేపల వాసన లేని చేతులు మొదట నరసింగరావువే. తెలుగు టైపు హయ్యర్ ఫస్టుక్లాసులో పాసైన చేతులు, మిషను పోయి కంప్యూటరు వచ్చినా వేగం తగ్గని చేతులు. వాటిని చూసుకుని ఆయనకి ఎంత గర్వమంటే, పెళ్లిళ్లలో ఫొటో తీస్తే రెండు చేతులూ మోకాళ్ల మీద కనబడేలా పెట్టుకుంటాడు.

ఆ చేతులు ఇప్పుడు మొరాయిస్తున్నాయి. రెండు పేజీలు కొట్టేసరికి మణికట్లలో సూదులు. నాలుగో పేజీకి వేళ్లు తిమ్మిరెక్కి, ఏ మీట మీద ఏ వేలుందో తెలియడం లేదు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, డాక్టరుకి కూడా. చెబితే ఏమవుతుందో తెలుసు. రోడ్డుకి ఎదురుగా దేవేంద్ర అనేవాడు కొత్త టైపింగ్ షాపు తెరిచి, మూడు కంప్యూటర్లు, ఒక ఏసీ పెట్టుకుని కూర్చున్నాడు. నరసింగరావు చేతులు పోయాయన్న మాట సందు దాటితే చాలు, ముప్ఫై ఏళ్లుగా దస్తావేజులు రాయించుకుంటున్న పార్టీలు రోడ్డు దాటి అటు వెళ్లిపోతారు. అప్పుడు నరసింగరావు ఇంట్లో కూర్చుని గౌరికి కూరలు తరగాలి, ఆ కత్తిపీట మీద.

అందుకని ఒక ఎత్తు వేశాడు. చేతులు మొద్దుబారగానే ఆపి, కళ్లు మూసుకుని, "సరిహద్దులు మరోసారి చెప్పండి" అంటాడు. పార్టీ తూర్పు నుంచి మొదలుపెట్టి ఉత్తరం దాకా చెప్పేలోగా చేతులు బల్ల కింద పిసుక్కుంటాడు. ఒక్కో దస్తావేజుకి మూడుసార్లు, నాలుగుసార్లు. "ఎంత జాగర్తో!" అని జనం మెచ్చుకుంటున్నారు.

అదే షాపు వసారాలో ఒక మూల ధనరాజు బల్ల. మిక్సీలు, కీబోర్డులు, రిమోట్లు బాగుచేస్తాడు. 2017 ఎండాకాలం ముందు ఒక రోజు, కుడిచేతికి క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని లోపలికొచ్చాడు.

"బావా, నాకు మణికట్టు నొప్పి. ఇక లాభం నేదు. కీబోర్డు సేసుకుంటాను" అన్నాడు.

నరసింగరావు కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "కొనుక్కోవడం కాదు, సేసుకుంటావా?"

"కొన్నవి ఎవుడి సేతికి సేసేరు బావా? రెండు సేతులూ దగ్గరికి నొక్కి, మణికట్లు బయటికి తిప్పి కొట్టాల. మనిషి భుజాలు అంత దగ్గరగా ఉన్నాయేటి? మధ్యకి రెండు ముక్కలు సేసి, ఎవుడి భుజానికి తగ్గట్టు ఆడు దూరంగా ఎట్టుకోవాల. కొంచెం ఏటవాలుగా ఉండాల. అమెరికావోళ్లు, జపానోళ్లు సేసుకుంటన్నారు. వీడియోలు సూసేను."

"ఒరే, నువ్వు టైపు కొట్టేది ఒక్క ఏలుతో. బిల్లు మీద నీ పేరు కొట్టడానికి పావుగంట. నీకు రెండు ముక్కలేటికిరా? సగం ముక్క సాలు."

"నొప్పి ఉన్నాది కదా బావా."

"తెలుగుని మధ్యకి కోసేస్తావేటి? అచ్చరం ఒక పక్క, ఒత్తు ఒక పక్క. ఈ పక్కనోడు ఆ పక్కకి కబురెట్టాల, కింద ఒత్తు పంపీ అని."

వసారాలో మిక్సీ కోసం వచ్చినవాళ్లు పడీపడీ నవ్వారు. ధనరాజు కూడా నవ్వాడు. వెళ్లిపోతూ బ్యాండేజీ కొంచెం పైకి లాక్కుని, అందరికీ కనబడేలా చెయ్యి ఊపుకుంటూ వెళ్లాడు.

ఆ రోజునుంచి ఊరికి అదొక వినోదం. మీటలు, వైర్లు పోస్టులో వచ్చాయి. వాటిని ఒక్కొక్కటే అతికించుకుంటూ కూర్చున్నాడు. వాటికి పెట్టె కావాలి. కంప్యూటర్లో బొమ్మ గీసి పంపితే, విశాఖపట్నంలో ఒకతని దగ్గరున్న త్రీడీ ప్రింటరు ప్లాస్టిక్ తీగ కరిగించి పొర మీద పొర పేర్చి ఆ పెట్టెని చేసి ఇస్తుంది. ధనరాజు బొమ్మ గీయడం నేర్చుకున్నాడు. ఒక్క వేలుతో నేర్చుకున్నాడు. మిక్సీల వాళ్లు వసారాలో నిలబడి నిలబడి వెళ్లిపోతున్నారు. నరసింగరావు లోపలినుంచి చూస్తూ, "మా బావమరిది తాజ్‌మహల్ కడతన్నాడు. మిక్సీ తర్వాత రండి" అని వాళ్లకి చెప్పేవాడు.

కొలతల దగ్గర అసలు కథ జరిగింది. ధనరాజు తండ్రి వలలు అల్లేవాడు. సముద్రం ఒడ్డున వల కన్ను వేళ్లతో కొలుస్తారు. రెండు వేళ్ల కన్నుకి ఒక చేప, మూడు వేళ్ల కన్నుకి ఇంకో చేప. ధనరాజుకి పుట్టినప్పటినుంచీ అదే కొలత. మీటకి మీటకి మధ్య దూరం సరిగ్గా ఒక వేలు వచ్చేసరికి, అమెరికావాడు కూడా వల అల్లినవాడేనని సంబరపడి, మొత్తం పెట్టెని వేళ్లలోనే గీసేశాడు. వెడల్పు ఏడు, పొడుగు అయిదు. ఏడు ఏమిటి, అయిదు ఏమిటి అన్నది రాయలేదు. వేళ్లు కాక ఇంకేముంటాయి? విశాఖపట్నం అతను సెంటీమీటర్లనుకుని ప్రింటు చేసి, ఆర్టీసీ పార్సిల్లో పంపాడు.

పార్సిల్ విప్పేటప్పుడు సందులో సగం జనం ఉన్నారు. లోపలినుంచి అరచేతిలో పట్టే పెట్టెలు రెండు వచ్చాయి. నాలుగు మీటలు పెడితే నిండిపోతాయి.

"ఇది ఎవుడి సేతికి సేసేవురా?" అన్నాడు నరసింగరావు. ఈ ప్రశ్న బావమరిదిని అడగడం కోసమే ఇన్నేళ్లు బతికినట్టు అడిగాడు. "పురిటి పిల్లకా?"

ధనరాజు పెట్టెని తిప్పి చూశాడు, బోర్లించి చూశాడు. "సెంటీమీటర్ ఎవుడి ఏలురా బాబూ, ఇంత సన్నం?" అన్నాడు. ఆ రెండు పెట్టెలూ గౌరి తీసుకుంది. ఒకదాంట్లో పసుపు, ఇంకోదాంట్లో కుంకుమ పోసి దేవుడి దగ్గర పెట్టింది.

రెండోసారి పార్సిల్‌ని నమ్మక స్వయంగా స్కూటరు మీద విశాఖపట్నం వెళ్లి పెట్టెలు తెచ్చాడు. కొలత సరిపోయింది. మే నెల. దారిలో ఎవరో చుట్టాల ఇంటి ముందు స్కూటరు ఎండలో పెట్టి, వాళ్లింట్లో కుళాయి తిప్పేది ఎవడి చేతికి చేశారో తేలుస్తూ రెండు గంటలు కూర్చున్నాడు. శ్రీకాకుళం వచ్చి డిక్కీ తెరిచేసరికి కుడి పెట్టె మెత్తబడి వేయించిన అప్పడంలా వంకర తిరిగి ఉంది. ఎడమది బాగానే ఉంది.

"మళ్లీ సేయిస్తావా?" అన్నాడు నరసింగరావు.

"సేయించాల కదా బావా."

"బుద్ధి నేదురా నీకు. డబ్బు తగలేస్తన్నావు, పని పాడుసేసుకుంటన్నావు. ఒక్క ఏలుగాడికి ఇంత రాజభోగమేటి?"

అన్నాడే గాని, ఆ మాట అంటున్నప్పుడు బల్ల కింద కుడి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకునే ఉన్నాడు. ఆ వారం ఒక దస్తావేజులో సర్వే నంబరు తప్పు పడింది. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి. పార్టీయే చూసి చెప్పాడు. నరసింగరావు నవ్వి కరెంటు మీదకి తోసేశాడు కాని, ఆ రోజు అన్నం సయించలేదు.

తప్పు సంగతి ఎలాగో రోడ్డు దాటింది. మర్నాడే దేవేంద్ర నవ్వుకుంటూ వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నరసింగరావు గారూ, మీ షాపులో ఎవరికో సెయ్యి పనిసెయ్యడం నేదట కదా. బజార్లో అనుకుంటన్నారు. మీరేటీ ఇబ్బందిపడకండి. పెద్ద దస్తావేజులు మా పిల్లల సేత కొట్టించేస్తాం. మీరు సంతకం ఎట్టండి సాలు" అన్నాడు.

నరసింగరావు చేతులు కీబోర్డు మీదనుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వసారాలోంచి ధనరాజు కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి, "ఆ సెయ్యి నాదే దేవేంద్రా! దగ్గరికి రా, సూపిస్తాను. పొద్దున్న పళ్లు తోముకోడానికి కూడా అవడం నేదు. ఈ బ్రష్షు ఎవుడి సేతికి సేసేరో..." అని మొదలుపెట్టాడు. బ్రష్షు పిడి దగ్గర మొదలై మగ్గు, బకెట్టు, తలుపు గొళ్లెం దాకా వచ్చేసరికి దేవేంద్రకి ఏసీ గుర్తొచ్చింది. లేచి వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక నరసింగరావు గుక్కెడు నీళ్లు తాగి, ఇంకేమీ తోచక బావమరిది మీద పడ్డాడు.

"ఒరే, నిన్న కట్టు ఎడమసేతికి ఉన్నాది కదా?"

ధనరాజు చెయ్యి చూసుకున్నాడు. "నొప్పి ఇటు మారింది బావా."

"పిచ్చిమాలోకం" అన్నాడు నరసింగరావు.

మూడోసారి చేయించిన కుడి పెట్టె జూన్ చివర వచ్చింది. ధనరాజు మీటలు బిగించి, తీగలు కలిపి, పాత కేలండరు కాగితంలో చుట్టి ఒక పొద్దున్న బావ బల్ల మీద పెట్టాడు. "బావా, నాది ఒక్క ఏలు, పదీ ఆడించడం నాకు రాదు. ఇందులో తప్పులు నాకు తెలవవు. నువ్వు ఒక్క దస్తావేజు కొట్టి, ఏవేవి బాగోనేవో రాసి ఉంచు. సాయంత్రం వస్తాను" అని, జవాబు వినకుండా వెళ్లిపోయాడు. తప్పులు పట్టమన్న మాట చెవిన పడగానే నరసింగరావుకి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే సోములు అనే రైతు క్రయ దస్తావేజు కోసం వచ్చాడు. ముగ్గురు అన్నదమ్ముల వాటాలు, పద్నాలుగు పేజీల పని. నరసింగరావు కాగితం విప్పి అవతల పడేసి, రెండు ముక్కల్నీ భుజాల వెడల్పున పెట్టుకుని, తెల్లకాగితం మీద 'తప్పులు' అని రాసి పెన్ను పక్కన పెట్టుకున్నాడు. మొదటి తప్పు వెంటనే దొరికింది. మీటల మీద అక్షరాలు లేవు. నరసింగరావు మీటలు చూసి ముప్ఫై ఏళ్లయింది, అయినా రాశాడు. రెండు, రంగు బాగోలేదు. మూడు, మధ్యలో ఖాళీ ఎందుకు దండగ, టీ గ్లాసు పెట్టుకోడానికా. తర్వాత పని ఒత్తిడిలో రాయడం మర్చిపోయాడు.

తొమ్మిదో పేజీలో సోములు చిన్నగా దగ్గాడు.

"బాబూ, సరిహద్దులు మళ్లీ అడగవేటి? మా అన్న సెప్పేడు, నాలుగుసార్లు అడుగుతాడు, తయారుగా ఉండమని. దారంతా పాఠం సదువుకుంటూ వచ్చేను."

నరసింగరావు చేతులు ఆగిపోయాయి. వాటిని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశాడు. వేళ్లు ముడిచాడు, చాచాడు. సూదులు లేవు. ఎడమచేతి చిటికెన వేలు చిన్నప్పుడు పడవ తాడులో పడి కొంచెం లోపలికి వంగి ఉండిపోయింది. టైపు నేర్చుకున్న నాటినుంచీ ఆ వేలుని సాగదీసి మీట అందుకోవడం ఆయనకి అలవాటు. ఇప్పుడు మీటే దిగి వచ్చి ఆ వేలు కింద ఉంది. ఎడమ ముక్కలో ఆ ఒక్క వరస కిందికి జరిగింది. కుడి ముక్కలో జరగలేదు.

ధనరాజు చిటికెన వేళ్లు రెండూ తిన్నగా ఉంటాయి.

లేచి, అవతల పడేసిన కేలండరు కాగితం తెచ్చి సాపు చేశాడు. వెనకవైపు పెన్సిలుతో రెండు చేతులు గీసి ఉన్నాయి. ఎడమచేతి చిటికెన వేలు వంకర. పక్కనే గౌరి చేతిరాతలో, వేళ్లలో కొలతలు. గౌరికి ఫోన్ చేశాడు.

"ఇది ఎప్పుడు గీసేవే?"

"ఏది?"

"నా సెయ్యి."

"ఓలమ్మ, ఆడు ఆ కాయితం నీకిచ్చీసేడా? ఎర్రిబాగులోడు!" అంది గౌరి. "ఎండాకాలం ముందు ఒక ఆదివారం సేపల పులుసు తిని పడుకున్నావు కదా, అప్పుడు గీసేను. సెయ్యెత్తి ఎట్టినా లెగవనేదు. పచ్చడి సీసా మూత నా సేత తీయించుకున్నప్పుడే నాకు తెలిసింది. ఆడికి నీ సరిహద్దులు విని తెలిసింది. రోజూ వసారాలో కూకుని లెక్కెడతన్నాడట. నీకు సెప్తే ఒప్పుకుంటావేటి? కసురుతావు. నొప్పి తనకని సెప్పుకుంటాను అన్నాడు. నన్నెలాగూ పిచ్చోడంటారు, ఇంకో పిచ్చి ఎక్కువైతే ఎవుడికీ తెలవదు అన్నాడు."

నరసింగరావు ఫోన్ పెట్టేశాడు. సోములు చూస్తున్నాడని గట్టిగా ముక్కు చీది, "తూర్పు ఎవరిదన్నావు?" అని అడిగాడు. సోములు సంతోషంగా మొదలుపెట్టాడు.

సాయంత్రం ధనరాజు వచ్చాడు. "తప్పులు దొరికేయా బావా?"

"మూడు రాసేను. రంగు దరిద్రంగా ఉన్నాది."

"అలగైతే ఇచ్చీ. పట్టుకెళ్లి సరిసేసి తెస్తాను" అంటూ ఎడమ ముక్క మీద చెయ్యి వేశాడు.

నరసింగరావు రెండు చేతులతో రెండు ముక్కల్నీ నొక్కిపట్టాడు. "ఒగ్గీ. మూడుతో అయిపోతాదేటి? నీ పనిలో తప్పులకి లోటా? ఇంకా వెతకాల."

"ఎన్నాళ్లు పడతాది బావా?"

"పది సంవత్సరాలు పడతాదో, పదిహేనో. రోజూ కొట్టి సూస్తే గాని తెలవదు."

ధనరాజు బావ మొహం చూశాడు. బావ కంప్యూటరు వైపు చూస్తున్నాడు. ధనరాజు వసారాలోకి వెళ్లి ఎవరిదో మిక్సీ విప్పాడు.

వారం తిరక్కుండా దేవేంద్ర మళ్లీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. బల్ల మీద రెండు ముక్కల్ని, వాటి మీద టకటకా ఆడుతున్న చేతుల్ని చూసి గుమ్మంలోనే పెద్దగా నవ్వాడు.

"మీ బావమరిది జబ్బు మీక్కూడా అంటుకుందేటి నరసింగరావు గారూ? ఆడో పిచ్చిమాలోకం. ఊరంతా అంటన్నారు."

టకటక ఆగింది. నరసింగరావు లేచి నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్లలో పార్టీల ముందు ఆయన గొంతు పెంచడం ఎవరూ వినలేదు.

"ఆణ్ణి పిచ్చోడనడానికి ఊరెవుర్తి? నువ్వెవుడివి? నాను అంటాను. ఆడి బావని. పొద్దున్న అంటాను, సాయంత్రం అంటాను. నువ్వు అన్నావంటే ఈ గుమ్మం తొక్కనివ్వను."

దేవేంద్ర రోడ్డు దాటి ఏసీలోకి వెళ్లిపోయాడు. నరసింగరావు మళ్లీ కూర్చుని, రెండు ముక్కల్నీ భుజాలకి సరిగ్గా జరుపుకుని, వసారా వైపు తిరిగి, "ఒరే పిచ్చిమాలోకం, టీ సెప్పరా" అని కేకేశాడు. ఊళ్లో ఎందరి ఆస్తులో ఎందరికో రాసిపెట్టిన మనిషి, ఆ ఒక్క హక్కు మాత్రం ఎవరికీ రాసివ్వలేదు.